ఇంట్లో పిశాచి బొమ్మలుండొచ్చా?

మా పెద్దోడికి చిన్నప్పటి నుంచి బొమ్మల పిచ్చి. అందరి పిల్లల్లాగా కార్లు, రైళ్ళు కాదు. వాడు ఇంటర్ చదివేటప్పుడు మా అన్న కొడుకు అమెరికా నుంచి వస్తూ ఒక రేకు డబ్బా తెచ్చిచ్చాడు. వాళ్ళుండేది డల్లాస్ దగ్గర. అక్కడ పాత ఆటవస్తువులమ్మే కొట్టులో కొన్నాడట. తెరిచి చూస్తే వేలెడంత కూడా లేని లోహపు బొమ్మలు పదకొండు. ఒక్కోటి ఒక్కో తీరు. బక్క చిక్కిన ఒళ్ళు, బయటికొచ్చిన పక్కటెముకలు, పొడుగు గోళ్ళు, తెరుచుకున్న నోరు. ఒకదాని చేతిలో ఎవరిదో తొడ ఎముక.

"ఏందిరా ఇవి?" అంటే "గూల్స్ మమ్మీ, బొందల గడ్డల శవాలు తింటయి" అన్నాడు, జామకాయలు తింటాయన్నంత మామూలుగా.

మా అత్తమ్మ కళ్ళద్దాలు తుడుచుకొని ఒకదాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. "పాపం, తిండి లేక ఎట్లయిందో సూడు" అంది.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ బొమ్మల విషయంలో నేనొక తప్పు చేశాను. తప్పు చేశాకే వాటి కథేమిటో తెలుసుకోవాలనిపించింది. ముందు తెలుసుకొని ఉంటే చేసేదాన్ని కాదు. బి.ఏ.లో తెలుగు చదివిన పుణ్యానికి కొంత, మా వాడు చెప్పగా కొంత, మా ఎదురింటి ఖాలా చెప్పగా కొంత పోగేసుకున్నది మీతో పంచుకుంటాను. తప్పు సంగతి చివర్న చెప్తాను.

ముందు ఆ పేరు. మా జహీరాబాదులో ఏ మాటకైనా మూడు భాషల్లో అర్థం దొరుకుతుంది. తెలుగులో తెలియకపోతే ఉర్దూలో, అదీ కాకపోతే కన్నడంలో. 'గూల్' అనగానే ఎదురింటి ఖాలా నవ్వి "గూలే బియాబానీ" అంది. ఎడారిలో తిరిగే గూల్ అని. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నానీ అన్నం తినిపిస్తూ ఆ పేరుతోనే భయపెట్టేదట. అది అసలు అరబ్బీ మాట. ఇస్లాం రాకముందు నుంచే అక్కడి ఎడారి జనానికి గూల్ అంటే భయం. రాత్రిపూట ఒంటరిగా పోయే బాటసారికి మంట చూపించో, ఆడమనిషి రూపంలోనో కనబడి దారి తప్పిస్తుంది. ఏ రూపమైనా ఎత్తగలదు కానీ కాళ్ళు మాత్రం మార్చుకోలేదు. గాడిద గిట్టలే ఉంటాయి.

ఇది వినగానే నాకు మా అమ్మమ్మ చెప్పిన కొరివి దయ్యం గుర్తొచ్చింది. చేల గట్ల మీద మంట వెలిగి ఆరి, వెలిగి ఆరి, మనిషిని ఊరికి దూరంగా లాక్కుపోతుందనేది. ఇంక మన దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఏ ఊళ్ళో అడిగినా చెప్తారు. ఎక్కడి అరబ్బు ఎడారి, ఎక్కడి మన జొన్న చేలు! కానీ రెండు చోట్లా పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పిన జాగ్రత్త ఒకటే: మొహం చూసి నమ్మకు, కాళ్ళు చూడు. విఠలాచార్య గారి 1978 నాటి 'జగన్మోహిని' సినిమాలో దయ్యం కట్టెలకు బదులు కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది, గుర్తుందా? మేమా సీను చూసి భయపడాలో నవ్వాలో తెలియక చీరకొంగుల చాటు నుంచి చూశాం. గుట్టంతా కాళ్ళలోనే ఉందన్నమాట.

ఆకాశంలో కూడా ఒక గూల్ ఉంది. చలికాలం రాత్రుల్లో కనబడే ఒక నక్షత్రానికి అరబ్బులు 'రాస్ అల్ గూల్' అని పేరు పెట్టారు. గూల్ తల అని అర్థం. ఇంగ్లీషులో అదే అల్గోల్ అయింది. సుమారు రెండు రోజుల ఇరవై ఒక్క గంటలకోసారి దాని వెలుగు తగ్గి, కొన్ని గంటల్లో మళ్ళీ పెరుగుతుంది. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాలు అడ్డం వచ్చినప్పుడల్లా అట్లా అవుతుందని ఇప్పుడు చెప్తున్నారు. కన్నుకొట్టే ఆ నక్షత్రం మేడ మీది నుంచి మనకూ కనబడుతుంది.

మరి ఈ ఎడారి దయ్యానికి బొందల గడ్డ అలవాటు ఎట్లా వచ్చింది? ఇక్కడే చరిత్ర తమాషాగా ఉంటుంది. ఫ్రాన్సు దేశపు ఆంటోన్ గాలాన్ అనే పండితుడు వెయ్యిన్నొక్క రాత్రుల కథలను 1704 నుంచి పుస్తకాలుగా వేశాడు. ఆఖరి సంపుటాలు 1717లో వచ్చాయి. వాటిలో కొన్ని కథలు పాత అరబ్బీ రాతప్రతుల్లో లేవు. అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో నోటితో చెప్పగా గాలాన్ రాసుకున్నవి. అల్లావుద్దీన్ కథ, ఆలీబాబా కథ ఆయన చెప్పినవే. సీదీ నూమాన్ కథ కూడా అంతే.

ఆ కథలో కొత్తగా కాపురానికి వచ్చిన భార్య అన్నం తినదు. చెవిపుల్లలాంటి చిన్న సాధనంతో ఒక్కొక్క మెతుకే గుచ్చి నోట్లో వేసుకుంటుంది. ఇంత తక్కువ తిని ఎట్లా బతుకుతుందా అని మొగుడికి అనుమానం. ఒక రాత్రి వెనకాలే పోతే, ఆమె గోరీల దగ్గర ఒక గూల్ పక్కన కూర్చొని శవం తింటూ కనబడుతుంది. శవాలు తినే అలవాటును గూల్‌కు గట్టిగా అంటగట్టింది గాలాన్ రాతే. పాత అరబ్బీ కథల్లో దానికి ఈ పని లేదని పరిశోధకులు చూపించారు. నాకేమో ఆ కథ చదవగానే అనిపించింది, కోడలు ఎక్కువ తింటే ఒక మాట, తక్కువ తింటే ఇంకో మాట! మూడు వందల ఏళ్ళ కిందట పారిస్‌లో అచ్చయిన కథలోనూ లెక్క పెట్టింది కొత్తకోడలి మెతుకులనే.

అక్కడి నుంచి గూల్ ఇంగ్లీషులోకి పోయింది. 1786లో విలియం బెక్‌ఫర్డ్ 'వాథెక్' అనే నవలలో ఆ మాట వాడాడు. 1927లో అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ ఒక కథలో గూల్స్‌కు కుక్క మూతిలాంటి మొహాలు పెట్టాడు. 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' సినిమాలో లేచొచ్చిన శవాలనూ గూల్స్ అనే పిలిచారు. చేతులు మారినకొద్దీ కొత్త అవయవం వచ్చి చేరింది. ఎడారి వాళ్ళు గిట్టలిచ్చారు, గాలాన్ ఆకలి ఇచ్చాడు, లవ్‌క్రాఫ్ట్ మొహమిచ్చాడు.

బొమ్మ కావడం ఆటల వల్ల జరిగింది. బల్ల మీద యుద్ధం ఆడుకోవడం మనకు కొత్త కాదు, చతురంగం మన దేశంలో పుట్టిందే. 1824లో ప్రష్యా సైన్యం పటం మీద దిమ్మెలు కదిపే యుద్ధపు ఆటను తన అధికారుల శిక్షణకు తీసుకుంది. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ప్రసిద్ధ రచయిత సీసపు సైనికులతో ఇంటి నేల మీద ఆడే ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చు వేశారు. అందులో సైన్యాలు లేవు. నలుగురు కూర్చొని తలా ఒక పాత్ర తీసుకొని కథ అల్లుకుంటూ పోవడమే. దారిలో ఎదురయ్యే భూతాల జాబితాలో గూల్ ఉంది. అది తాకితే మనిషి కొయ్యబారిపోతాడు.

జాబితాలో ఉన్నాక బొమ్మ కావాలి కదా. 1975లో అమెరికాలోని సిన్సినాటి ఊళ్ళో రాల్ పార్థా అనే కంపెనీ, ఆ కొన్నేళ్ళకే ఇంగ్లండులో సిటడెల్ అనే కంపెనీ ఇటువంటి బొమ్మలు పోతపోయడం మొదలుపెట్టాయి. పార్థా అన్న పేరు చూసి మన పార్థుడేనా అని మురిశాను కానీ, ఎందుకు పెట్టారో మా వాడికీ తెలియదు. రెండు చోట్లా గూల్స్ వచ్చాయి. మా డబ్బాలోని పదకొండూ 1980ల నాటి సీసం కలిసిన బొమ్మలని మా వాడు తేల్చాడు.

ఇక ఈ బొమ్మలు పోగు చేసేవాళ్ళు ఏం చేస్తారంటే, ఒకే భూతాన్ని వేర్వేరు కంపెనీలు, వేర్వేరు కాలాల్లో ఎట్లా చేశాయో పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. మా వాడు చీరల దుకాణంలో మనం అంచులు పోల్చినట్టు పోల్చేవాడు. నేను వంట చేస్తుంటే స్లాబు మీద వరసగా నిలబెట్టి చూపించేవాడు. వినగా వినగా నాకూ కొంత పట్టుబడింది.

ఒకటి, ఎత్తు. పాతవి 25 మిల్లీమీటర్లు. తర్వాత 28, ఇప్పుడు 32 దాకా పోయాయి. పాత గూల్ కొత్త గూల్ పక్కన నిలబడితే పిల్లవాడిలా ఉంటుంది. రెండు, నిలబడే తీరు. మా దగ్గరున్న పాతవి నిటారుగా చేతులు చాచి నిలబడ్డాయి. కొత్తవి వెన్నుపూసలు కనబడేలా వంగి, దూకబోతున్నట్టు ఉన్నాయి. మూడు, పదార్థం. పాతవి సీసం, తగరం కలిపినవి. 1990లలో అమెరికాలో సీసపు బొమ్మల మీద చట్టం వస్తుందన్న భయంతో కంపెనీలు సీసం లేని లోహానికి మారాయి. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. మా అన్న కొడుకు ఉండే డల్లాస్ పక్కనే డెంటన్ అనే ఊళ్ళో రీపర్ అని ఒక కంపెనీ ఉంది. 2012లో వాళ్ళు వంగినా విరగని ప్లాస్టిక్ బొమ్మలు చేస్తామని ఇంటర్నెట్‌లో జనం దగ్గర ముందుగానే డబ్బు అడిగితే ముప్పై నాలుగు లక్షల డాలర్లకు పైగా వచ్చిందట. ఆ ప్లాస్టిక్ గూల్స్ కూడా మా వాడి దగ్గరకొచ్చాయి.

సీసం అనగానే తల్లిగా నాకు భయమేసింది. చెప్పాల్సిన జాగ్రత్త చెప్తాను. పాత లోహపు బొమ్మలు ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆకురాయితో గీకిన పొడి ఇంట్లో ఎగరనీయొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అందనీయొద్దు. తెల్లగా బూజులాంటి పొడి పట్టిందంటే సీసం చెడిపోతున్నట్టు. అద్దాల వెనక పెట్టి చూసుకోవడమే మంచిది.

చేసే పద్ధతి విన్నప్పుడు నాకు మనవాళ్ళే కళ్ళ ముందు మెదిలారు. ఆ కంపెనీల్లో శిల్పి ముందు ఒక ముద్దతో చిన్న బొమ్మ చేస్తాడు. దాన్ని రబ్బరు పలకల మధ్య వత్తి అచ్చు తీస్తారు. అచ్చును గిరగిర తిప్పుతూ కరిగిన లోహం పోస్తే ఆ విసురుకు గోళ్ళ దాకా పాకుతుంది. ఒక్క అచ్చుతో ఎన్నో బొమ్మలు. మన ఆదిలాబాదు వైపు ఓజా కళాకారుల డోక్రా పని దీనికి సరిగ్గా ఎదురు. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి మెత్తి, మైనం కరిగించి ఆ చోట లోహం పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవు. కొండపల్లిలోనైతే తెల్ల పొణికి కర్రతో తలా చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. మా వాడి ప్లాస్టిక్ గూల్స్ కూడా విడి చేతులు, విడి తలలతోనే వచ్చాయి. గమ్ము పెట్టి అతికించుకోవాలి.

ఇంతకంటే పాతది మా జిల్లాలోనే ఉంది. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940 ప్రాంతంలో తవ్వకాలు జరిపితే శాతవాహనుల కాలపు ఊరు బయటపడింది. అక్కడి మ్యూజియంలో వేలెడు, జానెడు మట్టిబొమ్మలున్నాయి. యక్షులు, లజ్జాగౌరి, జంతువులు. ముందు సగానికొక అచ్చు, వెనక సగానికొక అచ్చు తీసి, రెండు సగాలనూ అతికి కాల్చేవాళ్ళు. రెండు వేల ఏళ్ళ కింద ఇక్కడ ఒక మనిషి తడి వేలితో ఆ అతుకును నున్నగా రుద్ది ఉంటాడు. మా వాడు చేసేదీ అదే పని.

ఆ శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానపురం, మన పైఠణీ చీరల పైఠణే. అక్కడి ఆస్థానకవి గుణాఢ్యుడి కథ బి.ఏ.లో చదువుకున్నాం. జలకాలాటలో రాణి 'నీళ్ళతో కొట్టకు' అని సంస్కృతంలో అంటే, రాజుకు సంధి తెలియక కుడుములు తెప్పించాడట. రాణి నవ్వింది. రాజు సిగ్గుపడి సంస్కృతం నేర్చుకుంటానన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందనే పందెంలో ఓడిన గుణాఢ్యుడు సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి అడవికి పోయాడు. మిగిలింది పైశాచి, పిశాచాల భాష. ఒక పిశాచి నోట విన్న కథలను ఆ భాషలో తన రక్తంతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడని, రాజు కాదంటే ఆరు లక్షలు అగ్నిలో వేశాడని, మిగిలిన లక్షే బృహత్కథ అని ఐతిహ్యం. అదీ ఇప్పుడు దొరకదు. దాని ఛాయలోనే పదకొండో శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు సూర్యవతి అనే రాణి కాలక్షేపం కోసం కథాసరిత్సాగరం రాశాడు. మన బేతాళ కథలు అందులో ఉన్నాయి.

బేతాళుడంటే మీ అందరికీ కళ్ళ ముందు నిలిచే బొమ్మ ఒక్కటే కదా. 1947 జులైలో మొదలైన చందమామలో శంకర్ గారు వేసిన బొమ్మ. కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవం. బేతాళుడు శవంలో దూరి ఉంటాడు కానీ శవాన్ని తినడు. గూల్ తింటుంది కానీ కథ చెప్పదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన తేడా ఇది: మనవాళ్ళు శ్మశానంలో కూడా మాట్లాడటానికి ఒకరిని పెట్టుకున్నారు.

మరి శవం తినేది మనకు లేదా? ఉంది. ఆమె పేరు జర. మహాభారతం సభాపర్వంలో జరాసంధుడి పుట్టుక చదివినవాళ్ళకు తెలుసు. మగధరాజు బృహద్రథుడికి ఇద్దరు భార్యలు. ముని ఇచ్చిన మామిడిపండును చెరిసగం తిన్నారు. ఇద్దరికీ సగం సగం బిడ్డలు పుట్టారు. ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక కాలు. దాదులు ఆ ముక్కలను గుడ్డలో చుట్టి నాలుగుదార్ల కూడలిలో పడేశారు. మాంసం తిని బతికే జర అనే రాక్షసి వాటిని ఏరుకుంది. మోసుకుపోవడానికి వీలుగా ఉంటుందని రెండు ముక్కలూ దగ్గరికి చేర్చింది. అతుక్కున్నాయి. బిడ్డ కెవ్వుమన్నాడు. ఆమె తినలేదు. తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

అక్కడ జర తన గురించి చెప్పుకునే మాట ఒకటుంది. తను ప్రతి ఇంట్లో ఉండే గృహదేవతనని, పిల్లలతో ఉన్న తన బొమ్మను గోడ మీద రాసుకున్న ఇల్లు వృద్ధి పొందుతుందని ఆమె రాజుతో అంటుంది. చదువుకునే రోజుల్లో ఈ చోటు ఎట్లా దాటిపోయానో తెలియదు. మొన్న మళ్ళీ చదువుతూ ఆగిపోయాను. శవాలు ఏరుకు తినే రాక్షసి బొమ్మను ఇంటి గోడ మీద పెట్టుకొమ్మని మన భారతంలోనే ఉంది!

ఒక్క జరే కాదు. బౌద్ధుల హారీతి కథ కూడా ఇటువంటిదే. ఐదు వందల మంది పిల్లల తల్లి, కానీ ఊళ్ళో వాళ్ళ పిల్లలను ఎత్తుకుపోయి తినేది. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచాడు. వెతికి వెతికి ఏడుస్తూ వస్తే, ఐదు వందల్లో ఒకడు కనబడకపోతేనే నీకింత బాధైతే, ఒక్కడే ఉన్న తల్లి సంగతేమిటన్నాడు. ఆనాటి నుంచి ఆమె పిల్లలను కాపాడే తల్లి అయింది. అజంతా రెండో గుహలో ఆమెకు విడిగా గుడిలాంటి గది ఉంది. ఒళ్ళో బిడ్డతో కూర్చొని ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మా వాడు ఇంజనీరింగు చదివేటప్పుడు సెలవులకొచ్చి ఆ పాత బొమ్మలకు రంగులు వేసేవాడు. అన్నింటికంటే కష్టం కళ్ళు. ఆవగింజలో పదో వంతు చోట తెల్లచుక్క, దాని మీద నల్లచుక్క. వాడి చెయ్యి వణికేది. ఒకరోజు అత్తమ్మ "ఇటియ్యి బిడ్డా, కండ్లు నేను పెడ్త" అంది. కంటి ఆపరేషను అయ్యాక ఆమె చూపు మా అందరికంటే నయం. జీవితమంతా పప్పులో రాళ్ళేరిన చెయ్యి, పూలు కట్టిన చెయ్యి. చీపురుపుల్ల మొన తీసుకొని రెండు చుక్కలు పెట్టింది. "కండ్లు లేకుంటే ఏడికి పోతదో దానికే ఎర్కలేదు గదరా" అంది. గుడిలో విగ్రహానికి కూడా కళ్ళు ఆఖర్నే తెరిపిస్తారని నేనంటే ఇద్దరూ నవ్వారు. ఆ గూల్ మిగతావాటిలా భయంగా లేదు. కొంచెం బిత్తరపోయి, ఎవరైనా అన్నం పెడతారా అని చూస్తున్నట్టుండేది.

రెండేళ్ళ కింద శ్రావణంలో అత్తమ్మ పోయింది. పదకొండో రోజు ఇంటి నిండా చుట్టాలు. అల్మారాలో బొమ్మలు చూసి ఒకావిడ అందరిలో అంది, "ఇంట్ల పిశాచాలను పెట్టుకుంటే ఇట్లనే అయితది." అత్తమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆరు నెలల నుంచి గుండె జబ్బు. అది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ మాట ముల్లులా దిగింది. నాలుగు రోజులు నిద్ర లేదు. ఐదో రోజు పాత సామాన్లాయన గేటు ముందుకొస్తే, ఆ రేకు డబ్బా తెచ్చి తక్కెట్లో బోర్లించాను. పావుకిలో కూడా తూగలేదు. సీసమని ముప్పై రూపాయలిచ్చాడు. ప్లాస్టిక్‌వి వద్దన్నాడు కాబట్టి అవి మిగిలాయి.

మాసికానికి మా వాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. అల్మారా తెరిచి చూశాడు. సజ్జ మీద వెతికాడు. చెప్పాను. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "నానమ్మ కండ్లు పెట్టింది అండ్లనే ఉండె మమ్మీ" అన్నాడు. అంతే. పాత సామాన్లాయన్ని వెతుక్కుంటూ పోయాం. సీసం ఎప్పుడో కరిగించడానికి పోయిందన్నాడు.

మన వైపు పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిస్తాం. పోయినవాళ్ళు ఆకలితో ఉంటారని, మన చేతి ముద్ద కోసం ఎదురు చూస్తారని నమ్మకం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. పొద్దున పోయినవాళ్ళకు అన్నం, పొద్దుగూకితే ఆడపిల్లల పాట. మనకు చావుకూ పండుగకూ మధ్య ఒక పూటే దూరం. అత్తమ్మ ఆ బొమ్మను చూసి మొదట అన్న మాట నాకిప్పుడు అర్థమవుతుంది. అందరికీ అందులో పిశాచి కనబడితే ఆమెకు ఆకలి కనబడింది.

ఆ చుట్టాలావిడను నేనేమీ అనను. ఆమె నోట వచ్చింది ఆమె భయం. చేసింది నేను. చావు ఎందుకొచ్చిందో తెలిసి కూడా, నిందించడానికి ఏదో ఒకటి కావాల్సొచ్చింది నాకు. నోరు లేని బొమ్మలు దొరికాయి. ఒకప్పుడు ఇట్లాగే నోరు లేని ఆడవాళ్ళను మంత్రగత్తెలని కొట్టారు, ఇప్పటికీ ఎక్కడో ఒకచోట పేపర్లో చూస్తూనే ఉన్నాం. నేను చేసింది అంత పెద్దది కాకపోయినా, ఆ దారి మాత్రం అదే.

పోయిన పెత్రమాసకు వాడు వచ్చినప్పుడు ఒక ప్లాస్టిక్ గూల్ ముక్కలు తెచ్చాడు. ఒళ్ళు రెండు సగాలుగా ఉంది. "మమ్మీ, పట్టుకో" అన్నాడు. గమ్ము ఆరేదాకా రెండు సగాలనూ వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను. జర కథ అప్పుడే చెప్పాను వాడికి. విని, "అంటే ఫస్టు కిట్టు అతికించింది ఆమేనా" అన్నాడు. రెండేళ్ళ తర్వాత మా ఇద్దరికీ కలిసి నవ్వొచ్చింది. కళ్ళు నన్ను పెట్టమన్నాడు. పెట్టాను కానీ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయ్యాయి. అత్తమ్మ చెయ్యి కాదు కదా. వాడు తుడవలేదు, అట్లాగే అల్మారాలో పెట్టాడు.

ఇంట్లో పిశాచి బొమ్మలుండొచ్చా అని ఎవరైనా అడిగితే, ఉండొచ్చనే చెప్తాను. కాకపోతే సీసమైతే అద్దాల వెనక పెట్టండి. ఇంకొకటి, పిల్లలు దాచుకున్న డబ్బా మీకెంత పనికిమాలినదిగా కనబడినా, తక్కెట్లో వేసేముందు వాళ్ళను ఒక్క మాట అడగండి. అందులో ఎవరి చేతి చుక్కలున్నాయో మనకు తెలియదు.